గుర్రాలున్న చేనులో తేనె పెట్టె ఎక్కడ పెట్టాలి?

(ప్రపంచ ఆదివాసీ దినోత్సవం సందర్భంగా నంద్యాలలో జరిగిన సభలో చేసిన ప్రసంగ పాఠం)

 

సంఘం వాళ్లు నన్ను చదువు గురించి మాట్లాడమన్నారు. చదువు గురించి మీరు ప్రతి సభలోనూ వింటారు. నేనైతే రోజూ ఉదయం ఐదింటికి లేపి మరీ చెప్తాను. అందుకే ఈ రోజు వేరే సంగతి చెప్తానని అడిగి ఒప్పించుకున్నాను. కారణం ఉంది. మొన్నీమధ్య మా హాస్టల్లో చదివి వెళ్లిన ముగ్గురు పిల్లలు వచ్చారు. "మేడం, తేనె పెట్టెలకు సబ్సిడీ ఉందంట, అప్లై చేస్తున్నాం" అన్నారు. సంతోషమేసింది. "పెట్టెలు ఎక్కడ పెడతారు?" అని అడిగాను. "ఎక్కడో ఒకచోట పెడతాం మేడం, చేను మనదే కదా" అన్నాడు ఒకడు.

ఆ మాట విని ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. మా తమ్ముడి చేనులో ఎక్కడో ఒకచోట పెట్టించింది నేనే కాబట్టి.

మా తమ్ముడికి శిరివెళ్లకూ ఆళ్లగడ్డకూ మధ్యన, హైవేకి దగ్గరలో రెండున్నర ఎకరాల నల్లరేగడి ఉంది. కొంత శనగ, కొంత పొద్దుతిరుగుడు, ఒక మూల పశువుల మేత వేస్తాడు. రెండు బర్రెలు, ఏడెనిమిది మేకలు. వాటన్నిటికంటే ముఖ్యం, రెండు గుర్రాలు. పెళ్లి గుర్రాలు. నంద్యాల, ఆళ్లగడ్డ, కోవెలకుంట్ల దాకా ఊరేగింపులకు పోతాయి. ముహూర్తాలున్న నెలల్లో ఇల్లు గడిచేది వాటి మీదే. ఒక్కో పెళ్లికి ఎంత తీసుకుంటాడో ఇక్కడ చెప్తే వాడు నాతో పోట్లాడతాడు, చెప్పను. మన తాతముత్తాతలు ఎద్దుల మందల మీద ఉప్పు, ధాన్యం వేసుకొని దేశమంతా తిరిగినవాళ్లు. పశువు మీద బతకడం మనకు కొత్త కాదు. ఇప్పుడు ఎద్దు పోయి గుర్రం వచ్చింది, అంతే.

ఆ రెండింటిలో మోతీ అనే ఆడగుర్రాన్ని అప్పు చేసి కొన్నాడు. డప్పు వినిపిస్తే చాలు, ఎగిరేది.

2023 మార్చిలో ఐదు పెట్టెలు వచ్చాయి. నాటు రకం, మనం పుట్ట తేనెటీగ అంటాం, చెట్టు తొర్రల్లో పెట్టేది. అర్ధరోజు శిక్షణ ఇచ్చారు. చట్రం ఎట్లా ఎత్తాలి, రాణి ఈగను ఎట్లా గుర్తుపట్టాలి, తేనె ఎట్లా తీయాలి, అన్నీ చెప్పారు. పెట్టె ఎక్కడ పెట్టాలో ఎవరూ చెప్పలేదు. మేమూ అడగలేదు.

తమ్ముడు నన్ను అడిగాడు. చదువుకున్న అక్కను కదా. నేను చేనంతా ఒకసారి చూసి, కొట్టం పక్కన పెద్ద వేపచెట్టు చూపించాను. నీడ ఉంది. నీళ్ల తొట్టి పక్కనే ఉంది. ఇంట్లోంచి కనబడుతుంది, దొంగల భయం లేదు. పుస్తకంలో ఉన్న నీడ, నీళ్లు, కాపలా మూడూ కుదిరాయి. పది నిమిషాల్లో తేల్చేశాను.

ఆ తొట్టి గుర్రాలు తాగే తొట్టి. ఆ వేపచెట్టుకు పన్నెండు అడుగుల దూరంలో గుర్రాలను కట్టే గుంజలు.

మొదటి మూడు వారాలు ఏమీ కాలేదు. తొట్టి అంచున ఈగలు వాలుతున్నాయని మరదలు ఒకసారి ఫోన్లో చెప్పింది. "పోనీలే, నీళ్లు తాగుతున్నాయి" అన్నాను. ఏప్రిల్లో మన పక్క ఎండలు మీకు చెప్పక్కర్లేదు. ఆ ఎండల్లో ఈగలు నీళ్లు మోసుకొచ్చి పట్టుల మీద చల్లి, రెక్కలతో విసురుకుంటాయి. లోపల పిల్ల పెరిగే చోట వేడి 35 డిగ్రీల దగ్గర నిలవాలి. అందుకని ఎండ ముదిరే కొద్దీ నీళ్ల దగ్గర గుంపు పెరుగుతుంది. ఇంకో సంగతి, ఒకసారి ఒక నీళ్ల చోటు అలవాటైతే అవి దాన్ని తొందరగా వదలవు. పక్కన ఇంకో గిన్నె పెట్టినా దాని ముఖం చూడవు. గుర్రం నీళ్లలో మూతి పెడితే అంచున ఉన్న ఈగ పెదవుల కింద నలుగుతుంది. అది కుట్టక ఏం చేస్తుంది?

ఏప్రిల్ రెండో వారంలో ఒక రోజు, పొద్దున పదకొండు గంటలు. ముందు రాత్రి ఊరేగింపు ఆలస్యమై మోతీని పొద్దునే తోలుకొచ్చారు. ఒళ్లంతా చెమట, మెడకు పూలదండ, మీద చల్లిన అత్తరు వాసన ఇంకా పోలేదు. తీసుకొచ్చి గుంజకు పొట్టి తాడుతో కట్టారు. అదే సమయానికి మా మేనల్లుడు, పద్నాలుగేళ్లవాడు, పెట్టెలో ఎంత తేనె ఉందో చూద్దామని మూత తీశాడు. పొగడబ్బా ఆరిపోయి ఉంది, మళ్లీ అంటించలేదు. నాలుగు ఈగలు లేచాయి. మోతీ తోక విసిరింది, కాలు ఝాడించింది. కుట్టిన ఈగ ముల్లు ఒంట్లోనే ఉండిపోతుంది, దానితోపాటు ఒక వాసన వదులుతుంది. మాగిన అరటిపండు వాసనలా ఉంటుందది. మిగతా ఈగలకు అది పిలుపు. ఇక్కడే ఉంది, రండి అని. మోతీ తాడు లాక్కొని తిరుగుతూ ఒక పెట్టెను తన్నింది. ఆ తర్వాత ఏం జరిగిందో చూసినవాళ్లు చెప్తుంటేనే నాకు ఒళ్లు జలదరించింది.

గుంజ పెరుక్కొని హైవే మీదికి పరుగెత్తింది. లారీ కింద పడలేదు, అది అదృష్టం. రోడ్డు పక్క కాలువలో పడింది. ముందరి కాలు దెబ్బతింది.

నాకు ఫోన్ వచ్చేసరికి హాస్టల్లో భోజనాల వేళ. ఆటోలో వెళ్లాను. 1962కు ఫోన్ చేస్తే పశువుల అంబులెన్సు వచ్చి ఉంది, డాక్టరు సూదులు వేస్తున్నారు. మోతీ ముఖం వాచి కళ్లు కనబడటంలేదు. మేనల్లుడిని ఆసుపత్రికి తీసుకుపోయారు, వాడిని పదకొండు చోట్ల కుట్టాయి. సాయంత్రానికి వాడు తేరుకున్నాడు. మోతీ కూడా బతికింది. వాపు వారంలో తగ్గింది. కాలు మాత్రం కుంటిదైంది. ఇంక అది ఊరేగింపుకు పనికిరాదు. అప్పు అట్లాగే ఉంది.

ఆ రోజు తమ్ముడు నన్ను తిట్టలేదు. ఒకే మాట అన్నాడు. "అక్కా, నీడ చూసినావు, నీళ్లు చూసినావు. గుర్రాన్ని చూడలేదే." తర్వాత నాలుగు నెలలు నాతో సరిగా మాట్లాడలేదు.

కెన్యాలో రైతులు ఏనుగులు చేలో పడకుండా చేను చుట్టూ తీగ కట్టి, దానికి తేనె పెట్టెలు వేలాడదీస్తారని తర్వాత చదివాను. ఏనుగు తీగను కదిపితే పెట్టెలు ఊగి ఈగలు లేస్తాయి. ఏనుగే వెనక్కి తిరిగే చోట, పొట్టి తాడుతో కట్టేసిన గుర్రం గతి ఏంటి? బర్రె తోలు మందం, కొంత ఓర్చుకుంటుంది. మేక పారిపోతుంది. గుర్రానికి భయం ఎక్కువ, చెమట ఎక్కువ, దానికి తోడు మనం కట్టేస్తాం.

సరే, పెట్టెలు జరుపుదాం అనుకున్నాం. అక్కడ ఇంకో పాఠం. ఈగ తన పెట్టెను గుర్తుపట్టేది దాని రంగును బట్టి కంటే అది ఉన్న చోటును బట్టి. చేనులో ఈ చివర నుంచి ఆ చివరకు జరిపితే, మేతకు పోయిన ఈగలన్నీ పాత చోటుకే తిరిగి వచ్చి గుంపుగా ముసురుకుంటాయి. పాత చోటంటే గుర్రాల గుంజల దగ్గరే. తేనె పెంచేవాళ్ల లెక్క ఏంటంటే, జరిపితే మూడడుగుల లోపు జరుపు, లేదంటే మూడు మైళ్ల అవతలికి తీసుకుపో. అందుకని పెట్టెలకు రాత్రిపూట వాకిళ్లు మూసి, ఆటోలో ఎనిమిది కిలోమీటర్ల అవతల తెలిసినవాళ్ల మామిడి తోటలో పెట్టాం. మూడు వారాలు అక్కడ ఉంచి, అప్పుడు కొత్త చోటికి తెచ్చుకోవాలి. మొదటిరోజు పది నిమిషాల్లో తేల్చిన దానికి ఇంత తిప్పలు.

ఆ మూడు వారాల్లో జరిగింది చెప్పడానికే నేను ఇక్కడ నిలబడ్డాను.

బైర్లూటి నుంచి ఒక చెంచు తాత, మనవరాలిని సెలవులకు తీసుకుపోవడానికి హాస్టల్‌కు వచ్చాడు. కొండ తేనె తీసే చెయ్యి ఆయనది. బండ అంచు నుంచి తాడు మీద దిగి పెద్ద ఈగ పట్టు కోసినవాడు. ఆ తాడు పైన పట్టుకునేది బావమరిదే అని చెప్పి నవ్వాడు. అక్క విధవ కావాలని ఏ తమ్ముడూ కోరుకోడు కదా. నేను ఆయనకు మా కథంతా చెప్పుకున్నాను. ఆయన అంతా విని, "ఈగ ఏ దారిన పోతుందో చూసినావా తల్లీ?" అన్నాడు.

చూడలేదని చెప్పాను.

అడవిలో పట్టు ఎక్కడుందో కనుక్కోవడానికి వాళ్లు ముందు నీళ్ల దగ్గర కూర్చుంటారట. నీళ్లు తాగిన ఈగ లేచి ఒకటి రెండు చుట్లు తిరిగి తిన్నగా ఒకే గీతలో పోతుంది. ఆ గీత వెంట నడిస్తే పట్టు దొరుకుతుంది. "నువ్వు పట్టును తెచ్చి పెట్టుకుంటున్నావు కాబట్టి లెక్క తిరగేసుకో. పట్టు ఇక్కడ పెడితే దారి ఎక్కడ పడుతుందో చూసుకో. ఆ దారిలో నీ గుర్రం ఉండకూడదు" అన్నాడు. నేను టీటీసీ చదివాను, బీఈడీ చదివాను. నాకు ఇది తట్టలేదు.

ఆదివారం పొద్దున ఆరింటికి చేనుకు వెళ్లి సాయంత్రం ఆరింటిదాకా కూర్చున్నాను. ఒక ఛార్టు మీద చేను బొమ్మ గీసి, గంట గంటకూ ఏది ఎక్కడ ఉందో రాశాను. మేనల్లుడు పక్కన ఉన్నాడు, ముఖం మీద మచ్చలు ఇంకా పోలేదు. గుర్రాలను ఎప్పుడు విప్పుతున్నారు, ఏ వైపు తోలుతున్నారు, ఎక్కడ దొర్లుతున్నాయి, ఎక్కడ ఒళ్లు రుద్దుకుంటున్నాయి. గుర్రమైనా బర్రెయినా దేనికైనా ఒళ్లు రుద్దుకుంటుంది, పెట్టె అందుబాటులో ఉంటే దానికే రుద్దుకొని పడేస్తుంది. ఎండ ఏ వేళ ఎక్కడ పడుతుంది. గాలి ఎటు నుంచి. కూలీలు ఏ గట్టు మీద నడుస్తారు. పక్క చేనివాళ్లు మందు కొట్టే పంపు ఎక్కడ నింపుకుంటారు. రెండున్నర ఎకరాలు, నేను పుట్టిన దగ్గర్నుంచి చూస్తున్న చేను. ఆ రోజు సగం సంగతులు కొత్తగా తెలిశాయి.

వేపచెట్టు దగ్గర తప్ప చోటు లేదని అనుకున్న చేనులో, తూర్పు గట్టున రెండు కానుగ చెట్లు ఉన్నాయి. కొట్టానికి నూట ఇరవై అడుగుల పైన దూరం. గుర్రాలు ఆ వైపు పోవు, మేత అక్కడ లేదు. గట్టు ఎత్తు మీద ఉంది, వానాకాలంలో రేగడిలో నీళ్లు నిలిచినా పెట్టెకు తేమ తగలదు. చెట్లు పడమర వైపు ఉన్నాయి కాబట్టి మధ్యాహ్నం ఎండ ఆగుతుంది, పొద్దుటి ఎండ మాత్రం వాకిలి మీద పడుతుంది. పొద్దున వెలుగు తగిలితే ఈగ తొందరగా పనికి పోతుంది. వాకిలి తూర్పుకు పెట్టాం. మనకు జూన్ నుంచి ఈదురుగాలి నైరుతి నుంచి కొడుతుంది, వాకిలి అటు ఉండకూడదు. అన్నిటికంటే ముఖ్యం, వాకిలి గుర్రాలకు వీపు పెట్టి ఉంది.

కొట్టానికీ పెట్టెలకూ మధ్య ఆరడుగుల పైన ఎత్తు తడిక కట్టించాం. అడ్డం ఉంటే ఈగ పైకి లేచి తల మీదుగా పోతుంది, మనిషికీ పశువుకూ ముఖానికి తగలదు. తడిక జొన్న దంటుతో కట్టించాను, డబ్బు మిగులుతుందని. వారంలో మేకలు సగం తినేశాయి. మిగతా సగం ఒక రాత్రి తాడు విప్పుకున్న రెండో గుర్రం తిన్నది. నవ్వండి, నేనూ నవ్వాను. ఆ తర్వాత వెదురు తడిక కట్టించాం. పెట్టెల చుట్టూ ముళ్ల కంచె కూడా వేశాం, రుద్దుకునే పశువు రాకుండా.

నీళ్లు మాత్రం పెట్టెలు తిరిగి రాకముందే సిద్ధం చేశాం. గట్టు దగ్గర వెడల్పాటి మట్టి బాన, అందులో గులకరాళ్లు, కొబ్బరి పీచు. ఈగ కాళ్లు ఆనడానికి. లేకపోతే మునిగిపోతుంది. ఆ నీళ్లు ఒక్కరోజు కూడా ఎండకూడదు, ఎండితే మళ్లీ గుర్రాల తొట్టి వెతుక్కుంటాయి. ఆ పని మేనల్లుడు తీసుకున్నాడు, నేను చెప్పకుండానే. స్టాండు కాళ్ల కింద నీళ్ల గిన్నెలు పెట్టాం, చీమలు ఎక్కకుండా.

పెట్టె తెరిచే వేళ కూడా చోటు లాంటిదే. ఇప్పుడు వాళ్లు గుర్రాలు ఊరేగింపుకు పోయినప్పుడో, చేను అవతలి వైపు ఉన్నప్పుడో తెరుస్తారు. పొగ లేకుండా తెరవరు. అత్తరు, సెంటు పూసుకొని దగ్గరికి పోరు. తెరిచిన రోజు సాయంత్రం దాకా గుర్రాన్ని ఆ వైపు తీసుకురారు. ఎప్పుడైనా ఈగలు పశువు మీద పడితే మొదట చెయ్యాల్సింది తాడు కొయ్యడం. ముడి విప్పుతూ కూర్చోకండి. కొట్టంలో ఒక కత్తి ఎప్పుడూ గోడకు వేలాడుతుంటుంది ఇప్పుడు. రోడ్డు వైపు కాకుండా చీకటి కొట్టంలోకి తోలాలి, 1962కు ఫోన్ చెయ్యాలి. మనిషిని ఎక్కువ ఈగలు కుట్టినా, ఒక్కటే కుట్టి ఊపిరి ఆడకపోయినా ఇంటి వైద్యం చూసుకోకుండా 108.

మన చేను ఎంత బాగా చూసుకున్నా పక్క చేను మన చేతిలో లేదు. మన పక్క పత్తి, మిరప ఎక్కువ. నంద్యాల పరిశోధన స్థానం నుంచే నరసింహ పత్తి వచ్చింది, ఆ పేరు మీ ఇళ్లలో పెద్దలందరికీ తెలుసు. పత్తి ఉన్నచోట మందు ఉంటుంది. ఈ ఈగ కిలోమీటరు పైన తిరుగుతుంది, గట్టు దాటొద్దని దానికి చెప్పలేం. తమ్ముడు చుట్టుపక్కల ఐదుగురు రైతులతో మాట్లాడాడు. పొద్దున కాకుండా ఈగలు ఇల్లు చేరాక, సాయంత్రం పూట మందు కొట్టమని. ముగ్గురు ఒప్పుకున్నారు. పొద్దుతిరుగుడు వేసినాయన అయితే, మీ ఈగలు వచ్చాక గింజ బాగా నిండుతోంది అని తనే ముందు రోజు ఫోన్ చేసి చెప్తాడు. మిగతా ఇద్దరు ఒప్పుకోలేదు. వాళ్లు కొట్టే రోజు తెలిస్తే ఆ పూటకు వాకిళ్లు తడి గోనెతో మూస్తాం. తెలియని రోజు ఈగలు చస్తాయి.

లాభం ఎంత అని అడుగుతారు. దాచకుండా చెప్తాను. ఐదు పెట్టెల్లో ఒకటి మోతీ తన్నిన రోజే పోయింది. ఇంకొకటి వానాకాలంలో ఈగలు లేచిపోయి ఖాళీ అయింది, నాటు ఈగకు ఆ బుద్ధి ఉంది. మిగిలిన మూడింటి నుంచి మరుసటి సంవత్సరం పారువేట జరిగే రోజుల్లో, పొద్దుతిరుగుడు పూత అయ్యాక, పద్నాలుగు కిలోల తేనె వచ్చింది. మోతీ మీద పోయినదానికి అది ఏ మూలకూ రాదు. కానీ పెట్టెలు ఉన్నాయి, ఈ రోజుకీ ఉన్నాయి, ఇప్పుడు ఆరు అయ్యాయి. గుర్రాన్ని ఒక్క ఈగ కుట్టలేదు.

కొండ తేనె ఈగను పెట్టెలో పెంచొచ్చా అని ఇందాక బయట ఒక తమ్ముడు అడిగాడు. కుదరదు. అది ఆరుబయట ఒకే పెద్ద పట్టు పెడుతుంది, చీకటి పెట్టెలో నిలవదు. చెట్టు మీద దాని పట్టు ఉంటే ఆ చెట్టు కింద పశువును కట్టకండి, చాలు. ఇటలీ రకం కావాలంటే తేనె ఎక్కువ వస్తుంది, ఖర్చూ ఎక్కువే, పూత వెంట పెట్టెలు తిప్పుకోవాలి. వివరాలకు బనగానపల్లె దగ్గర యాగంటిపల్లె కృషి విజ్ఞాన కేంద్రంలో అడగండి. శిక్షణలో చెప్పకపోయినా, పెట్టె ఎక్కడ పెట్టాలి అని మీరే నోరు తెరిచి అడగండి.

మోతీని అమ్మలేదు. అమ్ముదామంటే కొనేవాడెవడు అంటాడు తమ్ముడు, కానీ అమ్మే ఉద్దేశం వాడికీ లేదు. అది ఇప్పటికీ ఆ పాత తొట్టి దగ్గరికి పోదు. దానికోసం ఇంటి ముందర వేరే తొట్టి కట్టించాడు.

అప్లై చేస్తున్న ముగ్గురూ ఇక్కడే ఉన్నారు, నాకు కనబడుతున్నారు. ఫారం మీద సంతకం పెట్టకముందు, ఒక్క రోజు పొద్దున ఆరు నుంచి సాయంత్రం ఆరు దాకా మీ చేనులో కూర్చొని బొమ్మ గీసుకొని రండి. పశువులు ఎక్కడ, నీళ్లు ఎక్కడ, పక్కోడి పంపు ఎక్కడ, అన్నీ రాయండి. ఆదివారం పది తర్వాత నేను హాస్టల్లోనే ఉంటాను. ఛార్టులు నా దగ్గర ఉన్నాయి, పెన్నులు మీరు తెచ్చుకోండి.